సంచులు కొనబోయి: మా ఇంటి ట్రస్టు డైరీ

14 ఏప్రిల్ 2024

నాన్న సంవత్సరీకం నిన్న అయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయాక వసారాలో ముగ్గురం మిగిలాం. న్యూజెర్సీ నుంచి వచ్చిన అక్క, మస్కట్ నుంచి వచ్చిన తమ్ముడు, హైదరాబాదులోనే ఉంటూ వాళ్ళకన్నా తక్కువసార్లు ఊరికి వచ్చే నేను. ఆదోని దాటి కౌతాళం వైపు వెళ్తే మా ఊరు. నాన్న ఇక్కడ 31 ఏళ్ళు బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు ఈ వసారానే. ఉత్తరాలు పంచడంకన్నా రాసిపెట్టడమే ఆయనకు పెద్ద పని. మనియార్డరు ఫారాలు, ఫించను అర్జీలు, బొంబాయికి పోయిన కొడుకులకు జాబులు.

బడి పిల్లలకు ఆయన పేరున ఏదైనా చేద్దామన్న మాట మొదట ఎవరన్నారో ఇప్పుడు ముగ్గురమూ నేనంటే నేనని వాదించుకుంటున్నాం. అక్క ఏడాదికి 2,000 డాలర్లు ఇస్తానంది. తమ్ముడు నెలకు 15,000 రూపాయలు, నేను 5,000. పిల్లలందరికీ నాన్న పేరు అచ్చువేసిన పుస్తకాల సంచులు ఇవ్వాలని తీర్మానం. తమ్ముడు నాన్న ఫొటో కూడా వేయిద్దామన్నాడు. వంటింట్లోంచి అమ్మ, “ఆయన ముఖం సంచి మీద వేస్తే ఆయనే వచ్చి చింపేస్తాడు,” అంది. పేరుతో సరిపెట్టుకున్నాం.

22 ఏప్రిల్

హైదరాబాదులో సంచులకు బేరం కుదిరింది. ఒక్కోటి 380 రూపాయలు. మొదటి విడత 60 సంచులకు పూర్తి డబ్బు కట్టేశాను. బడికి ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే ఈ పేరా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

3 మే

కర్నూలులో ఆడిటరు గారి దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. దారులు మూడన్నారు: సొసైటీ, కంపెనీల చట్టం 8వ సెక్షను కింద కంపెనీ, ట్రస్టు. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మా ఇంట్లో ఏడుగురు ఒక మాట మీద నిలిచిన సందర్భం నాకు గుర్తు లేదు. కంపెనీ అంటే ఏటా దాఖలు చేసే కాగితాలు ఎక్కువ. అలా ట్రస్టు మిగిలింది. నేను, తమ్ముడు, నా భార్య, ఊళ్ళో ఉంటున్న రిటైర్డు మాస్టారు ఒకరు ట్రస్టీలం.

దస్తావేజు చిత్తుప్రతి చూస్తూ బాబాయి ఒక వాక్యం చేర్చమన్నాడు, “మనవాళ్ళ పిల్లలకు మొదటి ప్రాధాన్యం” అని. మనవాళ్ళంటే కులం. నేను నోరు తెరిచేలోపే ఆడిటరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒక కులానికో మతానికో మేలు చేయడానికి పెట్టిన ట్రస్టుకు ఆదాయపు పన్ను మినహాయింపు పోతుందనీ, 13వ సెక్షనులో ఆ మాట స్పష్టంగా ఉందనీ చెప్పారు. ట్రస్టీల దగ్గరి బంధువులకు లాభం చేసినా అదే గతి. బాబాయి పన్ను పేరు వినగానే వెనక్కి తగ్గాడు. నేను న్యాయం గురించి ఉపన్యాసం ఇచ్చి ఉంటే సాయంత్రం దాకా వాదన నడిచేది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. అక్క అమెరికా పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్ళయింది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో ఆమె విదేశీ దాతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు కాని సంస్థ ఆమె దగ్గర రూపాయి తీసుకోకూడదు. నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి. ముందస్తు అనుమతి అనే మరో దారి ఉంది కానీ మా అంత చిన్న సంస్థ దాని జోలికి పోకపోవడమే మేలన్నారు. తమ్ముడిది మాత్రం భారత పాస్‌పోర్టు. మస్కట్ జీతంలోంచి బ్యాంకు ద్వారా ఎంత పంపినా అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి ఫైలులో పెట్టుకోమన్నారు.

“అక్క నాకు కానుకగా పంపిస్తే, నేను ట్రస్టుకు ఇస్తే?” అన్నాడు తమ్ముడు.

“దారి మారిస్తే డబ్బు పుట్టిన ఊరు మారదు బాబూ,” అన్నారు ఆడిటరు గారు.

రాత్రి అక్కకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “నాన్న పేరు మీద పెట్టే ధర్మానికి నేను విదేశీయురాలినా?” అని ఒక్క మాట అని పెట్టేసింది.

17 మే

ఆదోని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ట్రస్టు దస్తావేజు రిజిస్టరయింది. నాలుగు రోజుల కిందటే పోలింగు, సగం మంది ఇంకా ఆ అలసటలోనే ఉన్నారు. మూలనిధి 10,000 రూపాయలు. సాక్షులుగా రమ్మన్న ఇద్దరిలో ఒకరు ఆధార్ మరిచిపోయి వచ్చారు. ఆధార్‌తో నాకు ముందున్న బంధానికి అది శకునం అని అప్పుడు తెలియలేదు.

21 జూన్

బళ్ళు తెరిచారు. 60 సంచులు కారు వెనక వేసుకుని ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. హెడ్మాస్టరు గారు మర్యాదగా కుర్చీ వేయించి, టీ తెప్పించి, తర్వాత పక్కగది తాళం తీయించారు. నేల నుంచి కిటికీ దాకా పెట్టెలు. ప్రభుత్వం పంపిన కిట్లు: సంచి, మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, పుస్తకాలు. కొత్త ప్రభుత్వం వచ్చి పది రోజులే అయింది. కిట్టుకు పాత పేరు పోయింది, కొత్త పేరు ఇంకా రాలేదు, సంచి మాత్రం వచ్చింది.

“కిందటేడాది సంచి కూడా చాలామంది ఇళ్ళల్లో బాగానే ఉంది సార్,” అన్నారాయన. మధ్యాహ్న భోజనం బడిలోనే. పుస్తకాలు ఉచితం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇక మేమేం చేయాలి అని అడిగితే బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశారు. ఎన్‌ఎంఎంఎస్, అంటే కేంద్రం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం. ఎనిమిదో తరగతిలో పరీక్ష. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఇక్కడ ఆ గీత దాటే ఇల్లు ఒకటో రెండో.

కిందటేడాది ఎనిమిదో తరగతిలో 41 మంది. దరఖాస్తు చేసింది నలుగురు. నెగ్గినవాళ్ళు లేరు.

దారిపొడుగునా లెక్క వేసుకుంటూ వచ్చాను. నాలుగేళ్ళకు ఒక పిల్లకు 48,000 రూపాయలు. నేను కారులో మోసుకొచ్చింది 380 రూపాయల సంచులు.

జులై

పాన్ కార్డు వచ్చింది. బ్యాంకు ఖాతాకు మూడుసార్లు తిరిగాను, ప్రతిసారీ కొత్త కాగితం ఒకటి అడిగారు. ఆడిటరు గారు ట్రస్టుకు పన్ను మినహాయింపునిచ్చే 12ఎబి, దాతలకు మినహాయింపునిచ్చే 80జి సెక్షన్ల కింద తాత్కాలిక నమోదుకు 10ఎ ఫారం దాఖలు చేశారు. మూడేళ్ళ దాకా చెల్లుతుంది. ఈ నెల గురించి ఇంతకన్నా రాయడానికి ఓపిక లేదు.

18 ఆగస్టు

దరఖాస్తుల గడువు నడుస్తోంది. నాన్న పాత ఇనుప బల్ల అటక కింద నుంచి లాగి వసారాలో వేశాను. దాని మీద పోస్టాఫీసు ముద్ర సిరా మరకలు ఇంకా ఉన్నాయి, ఊదా రంగులో, గుండ్రంగా. పొద్దున ఏడింటికి ముగ్గురు పిల్లలు వచ్చారు, పదింటికి పాతికమంది అయ్యారు, వెంట తల్లులు, మేనమామలు, ఒక ముసలాయన మేకతో సహా.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఉరుకుంద ఈరన్న స్వామి మాకు దగ్గర. శ్రావణ మాసమంతా జనం అక్కడికే. మొక్కుకుని పుట్టిన ప్రతి బిడ్డా ఈరన్న, ఈరమ్మ, నరసింహులు, లక్ష్మి. ఈరన్నను బడిలో వేసేటప్పుడు పంతులు గారు ‘వీరన్న’ అని రాస్తారు. ఆధార్ తీసే కుర్రాడికి చెవిన పడింది ‘ఈరేష్’. రేషను కార్డులో ‘చిన్న ఈరన్న’, ఎందుకంటే ఇంట్లో పెద్ద ఈరన్న ఒకడున్నాడు. నాలుగు కాగితాలు, నలుగురు మనుషులు, ఎదురుగా పళ్ళికిలిస్తూ నిలబడ్డ పిల్లాడు ఒక్కడు. దరఖాస్తులో పేరు ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే పరీక్ష నెగ్గినా డబ్బు పడదు.

ఈరోజు 26 మంది కాగితాలు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నవి ఏడు. ఒక అమ్మాయి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. ఆమె అన్నదీ జనవరి 1, చెల్లెలిదీ జనవరి 1. తేదీ తెలియని పిల్లలందరినీ ఆ రోజునే పుట్టించారు.

హెడ్మాస్టరు గారు రెండు దారులు చెప్పారు. ఆధార్‌ను బడి రికార్డుకు సరిపెట్టడం, లేదా బడి రికార్డును ఆధార్‌కు సరిపెట్టడం. పదో తరగతి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి రెండోదే తేలిక. కానీ అందుకు తల్లిదండ్రుల సంతకాలు కావాలి. ఆదాయ ధ్రువపత్రానికి గ్రామ సచివాలయం, ఆధార్ తప్పులకు ఆదోని. ఆధార్ దిద్దుబాటుకు రుసుము 50 రూపాయలే, కానీ వెంట వెళ్ళే తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. ఇన్నాళ్ళూ నలుగురే ఎందుకు దరఖాస్తు చేశారో నాకు ఈ రోజు అర్థమైంది. నాన్నలూ అమ్మలూ నిర్లక్ష్యంగా ఉన్నారని నేను హైదరాబాదులో ఒకరిద్దరితో అన్నాను కూడా. వాళ్ళకు ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

రాత్రికి ట్రస్టీలం మాట్లాడుకుని కాగితాల కోసం పని మానుకున్న తల్లికో తండ్రికో ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ ట్రస్టు ఇస్తుందని రాసుకున్నాం. తమ్ముడికి మొదట నచ్చలేదు. “డబ్బిచ్చి సంతకం పెట్టించుకోవడమా?” అన్నాడు. నువ్వు సెలవు పెడితే మస్కట్‌లో జీతం కోస్తారా అని అడిగాను.

6 సెప్టెంబరు

22 దరఖాస్తులు వెళ్ళాయి. నాలుగు ఆగిపోయాయి. రెండింటికి ఆధార్ దిద్దుబాటు సమయానికి రాలేదు. ఒకరికి ఏడో తరగతిలో మార్కులు చాలలేదు, 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 50. నాలుగో అమ్మాయిని మేనత్త ఊరికి పంపేశారు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

29 సెప్టెంబరు

పరీక్ష రెండు భాగాలు. పాఠాల నుంచి 90 ప్రశ్నలు, తర్కం మీద 90. పాఠాల భాగానికి ఊళ్ళోనే డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిని నెలకు 4,000 జీతానికి పెట్టుకున్నాం. వారానికి మూడు సాయంత్రాలు. తర్కం చెప్పే మనిషి దొరకలేదు. అంకెల వరుసలు, అద్దంలో బొమ్మలు, సంకేత భాష, ఇవి బడిలో ఎవరూ చెప్పరు.

అక్క నాలుగు నెలలుగా ట్రస్టు ఊసెత్తలేదు. వారం కిందట తనే ఫోను చేసి, “డబ్బు తీసుకోకూడదు సరే, నోటి మాట తీసుకోవచ్చా?” అంది. ఆడిటరు గారిని అడిగాను. పాఠం చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదన్నారు. ఈరోజు మొదటి పాఠం. మాకు ఆదివారం పొద్దున ఏడు, ఆమెకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఇనుప బల్ల మీద టీవీ పెట్టి దానికి ఫోను తగిలించాం. పిల్లల్లో సగం మంది ఇంట్లో మాట్లాడేది కన్నడం. అక్క తెలుగులో అమెరికా యాస, పిల్లల తెలుగులో కన్నడ యాస. మొదటి పావుగంట ఎవరు ఏమన్నారో చెప్పడానికే నేను నిలబడ్డాను.

అద్దంలో గడియారం 3:20 చూపిస్తుంటే అసలు సమయం ఎంత? అక్క సూత్రం చెప్పబోయింది. ఒక పిల్లాడు లేచి ఇంట్లోకి పోయి అమ్మ బొట్టుపెట్టె అద్దం పట్టుకొచ్చాడు. గోడగడియారం దించమని నన్నే పురమాయించి, ముళ్ళు 8:40 దగ్గర తిప్పి అద్దం ఎదురుగా పెట్టాడు. అందరూ అద్దంలోకి తొంగి చూశారు. అక్క తెర మీద ముందుకు వంగి, “నాకూ చూపించండ్రా,” అంది.

గడియారం మళ్ళీ సరైన సమయానికి పెట్టడం అందరం మరిచిపోయాం. మధ్యాహ్నం అమ్మ మందులు తప్పు వేళకు వేసుకుంది.

నవంబరు

దీపావళి దాటింది. వలసలు మొదలయ్యాయి. మా వైపు ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక ఊళ్ళు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, ఆ తర్వాత మిరపకోతకు. కొందరు బెంగళూరు కట్టడాలకు. పిల్లల్ని వదిలిపెట్టడానికి ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. అలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి కానీ చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి అక్క కావాలని అడిగే తల్లికి హాస్టలు జవాబు కాదు. 22 మందిలో ముగ్గురు వెళ్ళిపోయారు.

60 సంచుల కథ కూడా ఇక్కడే ముగిసింది. వలస వెళ్ళేవాళ్ళు బట్టలు పెట్టుకోవడానికి అడిగితే అమ్మ అన్నీ పంచేసింది. గట్టి సంచులే. నాన్న ఉద్యోగంలో ఉండగా ఆదోని దాటి వెళ్ళింది తక్కువ. ఇప్పుడు ఆయన పేరు గుంటూరు దాకా వెళ్ళింది.

8 డిసెంబరు

పరీక్ష. ఆదోనిలో కేంద్రం. తెల్లవారుజామున నాలుగు ఆటోలు. వెళ్ళిపోయిన ముగ్గురిలో ఒకడు రాత్రే చిన్నాన్నతో గుంటూరు నుంచి గుంతకల్లు దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి ఇంకో బండి పట్టుకుని దిగాడు. వేళ్ళ చివర్లు పత్తికాయల ముళ్ళకు చీరుకుపోయి ఉన్నాయి. భుజాన మా సంచి. లోపల హాలుటికెట్టు లేదు, అది నా దగ్గర ఉంది. ఒక జత బట్టలు, పెన్ను. పెన్ను రాయదు. కేంద్రం బయట కొన్నాం.

పది నుంచి ఒంటిగంట దాకా గోడ పక్కన నిలబడ్డాను. 20 మంది రాశారు. బయటకు రాగానే అద్దం పిల్లాడు, “గడియారం వచ్చింది సార్, కానీ నీళ్ళలో,” అన్నాడు. నీటిలో ప్రతిబింబం మేము చెప్పలేదు. అక్కకు చెబితే ఆ రాత్రంతా నిద్రపోలేదట.

మార్చి 2025

ఫలితాలు వచ్చాయి. ముగ్గురు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. పత్తి పొలం నుంచి వచ్చినవాడు అందులో లేడు. అద్దం పిల్లాడూ లేడు. జాబితా మూడుసార్లు చదివాను, నాలుగోసారి మాస్టారు చేత చదివించాను. చదువులో బాగా ముందున్న పిల్లలు ఐదో తరగతిలోనే గురుకులాలకు వెళ్ళిపోతారు. అక్కడ తిండీ వసతీ ఉచితం కాబట్టి ఈ వేతనం వాళ్ళకు వర్తించదు. బడిలో మిగిలినవాళ్ళలోంచి ముగ్గురు నెగ్గడం చిన్న సంగతి కాదని హెడ్మాస్టరు గారు అన్నారు. ఆయన మాట నిజమే కావచ్చు. నాకు మాత్రం చీరుకుపోయిన ఆ వేళ్ళే గుర్తొస్తున్నాయి.

31 మే

లెక్కలు. ఏడాదిలో వచ్చింది 2,10,000: తమ్ముడు లక్షన్నర, నేను యాభై వేలు, నా బావమరిది పదివేలు. ఖర్చయింది 74,700. ఎక్కువ భాగం పాఠాలు చెప్పిన అమ్మాయి జీతం, పుస్తకాలు, కాగితాల తిరుగుడు, పరీక్ష రోజు, బోర్డు కనిపించని ఏడుగురికి కళ్ళద్దాలు. సంచుల డబ్బు లెక్కలో లేదు. ట్రస్టు పుట్టక ముందు కొన్నవి కాబట్టి అవి నా సొంత తెలివితక్కువతనం కింద రాసుకోమన్నారు ఆడిటరు గారు.

ఆదాయంలో నూటికి 85 వంతులు ఆ ఏడాదే ఖర్చు చేయాలి. మేము సగం కూడా చేయలేదు. మిగిలినదాన్ని ఏ పనికో స్పష్టంగా తీర్మానం రాసి, పదో నంబరు ఫారం ద్వారా ఐదేళ్ళ దాకా దాచుకోవచ్చునట. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌కు వెళ్ళే పిల్లల ఖర్చులకని రాశాం. దాతల వివరాల 10బిడి ఫారానికి ఈరోజే ఆఖరు, సాయంత్రం అయింది. బావమరిదికి రసీదు పంపాను. కొత్త పన్ను విధానంలో 80జి మినహాయింపు లేదని అప్పుడు తెలిసింది. “ఇంకేం బావా, పుణ్యమే,” అన్నాడు.

13 జులై 2025

నెగ్గిన ముగ్గురినీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇద్దరివి గంటలో అయ్యాయి. మిగిలిన అమ్మాయి ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు తండ్రిది. రీచార్జి లేక ఆ నంబరు ఎప్పుడో పోయింది, ఇప్పుడది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర మోగుతోంది. చేసి చూశాను. ఎవరో ఆయన, పాపం, ఓటీపీ చెప్పమంటే మోసగాణ్ణనుకుని తిట్టి పెట్టేశాడు. రేపు ఆదోని వెళ్ళి నంబరు మార్పించాలి. తండ్రి కూలి, బస్సు ఛార్జీ రాసుకున్నాను.

ఈ ఏడాది ఎనిమిదో తరగతి జాబితా హెడ్మాస్టరు గారు ఇచ్చారు. తొమ్మిదో తరగతికి వెళ్ళిన అద్దం పిల్లాడు ఆదివారాలు వచ్చి చిన్నవాళ్ళకు తర్కం చెబుతానన్నాడు. నీళ్ళలో గడియారంతో మొదలుపెడతాడట. గడువు తెరవక ముందే ఆధార్‌లు చూడటం మొదలుపెట్టాం. మొత్తం 34 మంది. వాళ్ళలో ఈరన్నలు ఐదుగురు.